ఒక్కరే కూర్చుని పాత సినిమా చూడటం గురించి ఒక ఆపరేటరు సమాధానం

కందుకూరు నుండి ఒక సోదరి అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. భర్త పిల్లల్ని తీసుకుని పొదిలి వెళ్ళారనీ, నాలుగు రోజులు ఇంట్లో తానొక్కతే ఉంటుందనీ, చిన్నప్పుడు ఇష్టపడిన సినిమాలన్నీ వరుసగా చూసుకుందామని ఆశగా కూర్చుంటే మొదటి రోజే ఉసూరుమనిపించిందనీ ఆమె రాశారు. ఆమె చెప్పిన ముఖ్యమైన ఇబ్బందులు మూడు. కొత్త టీవీలో ఆ సినిమా సీరియల్‌లాగా కనిపించింది. అరగంట గడవకముందే చెయ్యి ఫోను మీదికి పోయింది. తనకు బాగా గుర్తున్న ఒక సన్నివేశం, ఎంత వెతికినా సినిమాలో లేదు. “నేను మారిపోయానా, సినిమా మారిపోయిందా?” అని అడిగారు.

అమ్మా, సినిమా మారిన మాట నిజం. ఎక్కడెక్కడ మారిందో నేను చెప్పగలను, ఎందుకంటే కొన్ని చోట్ల దాన్ని మార్చిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి.

కావలిలో ఒక సినిమా హాల్లో నేను 31 సంవత్సరాలు ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశాను. వందలమంది ముందు కూర్చుని చూసే సినిమాను వెనక మెషీను గదిలో, జానెడు కిటికీలోంచి, ఒక్కడే నిలబడి చూసేవాడు ఆపరేటరు. రోజుకు నాలుగు ఆటలు, వారానికి ఇరవై ఎనిమిది. యాభై రోజులు ఆడిన సినిమా అయితే రెండు వందల సార్లు. చూసిన సినిమానే ఒంటరిగా మళ్ళీ మళ్ళీ చూడటం మీకు నాలుగు రోజుల సరదా; నాకు అది బియ్యం పప్పులు కొనిపెట్టిన పని. ఆ అర్హత తప్ప నాకు వేరే చదువు లేదు.

ముందు టీవీ సంగతి చూద్దాం, అది పది నిమిషాల పని. ఫిల్మ్ మీద తీసిన సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మనిషి చెయ్యి విసిరినప్పుడు కనిపించే కొద్దిపాటి మసక, కెమెరా పక్కకు తిరిగినప్పుడు వచ్చే చిన్న అదురు, ఇవి మన కంటికి సినిమా అంటే ఇదీ అని అలవాటైన గుర్తులు. ఇప్పటి టీవీలు ఆ 24 బొమ్మల మధ్య తాము ఊహించి తయారుచేసిన బొమ్మలు ఇరికించి, సెకనుకు 60 గానో 120 గానో చేస్తాయి. క్రికెట్టుకు అది బాగుంటుంది. పాత సినిమాకు పెడితే మాత్రం మహారాజు కూడా పక్కింటి వరండాలో నిలబడి మాట్లాడుతున్నట్లు ఉంటాడు. మీకు సీరియల్‌లాగా కనిపించింది అందుకే. సెట్టింగుల్లో పిక్చర్ విభాగంలోకి వెళితే ఎల్‌జీలో ట్రూమోషన్ అనీ, సామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనీ, దాని పాత మోడళ్ళలో ఆటో మోషన్ ప్లస్ అనీ, సోనీలో మోషన్‌ఫ్లో అనీ ఉంటుంది, దాన్ని ఆపివేయండి. ఈమధ్య వస్తున్న కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ఉంటోంది. మీ దాంట్లో అది ఉంటే దాన్ని పెట్టుకోండి, ఇంకేమీ ముట్టుకోనక్కరలేదు. ధ్వని విషయంలో సరౌండ్ లాంటివి పెట్టవద్దు. ఒకే శబ్దపు గీతతో వచ్చిన పాత సినిమాకు అవి పెడితే మాటలు నూతిలోంచి వచ్చినట్లు వినిపిస్తాయి.

తర్వాత బొమ్మ ఆకారం. తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. అంతకు ముందు సినిమాలు ఎత్తు ఒకటి అనుకుంటే వెడల్పు 1.37 ఉండే బొమ్మతో, అంటే చదరానికి కాస్త దగ్గరగా ఉండేవి. స్కోపులో ఆ వెడల్పు 2.35 అయింది. మీ టీవీ ఈ రెంటికీ మధ్యన 1.78 దగ్గర నిలబడి ఉంది. కాబట్టి ఏది చూసినా నల్లపట్టీలు రావలసిందే. పాత వాటికి కుడి ఎడమల, స్కోపుకు పైనా కిందా. డబ్బు పోసి పెద్ద టీవీ కొన్నాక తెర నిండకపోతే మనసొప్పక చాలామంది రిమోటుతో సాగదీస్తారు. సాగదీస్తే సన్నగా నాజూకుగా ఉండవలసిన ముఖాలు పూరీల్లా అవుతాయి. జూమ్ నొక్కితే స్కోపు సినిమాలో అటూ ఇటూ కలిపి దాదాపు నాలుగో వంతు బొమ్మ తెగిపోతుంది. డబ్బా టీవీల రోజుల్లో ఇంకా అన్యాయం. స్కోపు బొమ్మను ఆ తెర నిండా పట్టించాలంటే నూటికి నలభైకి పైగా వంతులు వదులుకోవలసిందే. ఎదురెదురుగా నిలబడి ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యనున్న గోడ, రెండు ముక్కుల కొసలు మాత్రం కనిపించేవి. మీరు చిన్నప్పుడు సగం సినిమాలు ఆ డబ్బాలోనే చూసి ఉంటారు గనుక, ఇప్పుడు పూర్తి బొమ్మ ఎదురైతే ఎక్కడో తేడా కొట్టడం సహజం. అప్పట్లో టీవీ ప్రసారం సెకనుకు 25 బొమ్మల లెక్కన నడిచేది కూడా. దాంతో రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందుగా అయిపోయేది, గొంతులు పిసరంత సన్నగా వినిపించేవి. మీ చెవిలో ఆ గొంతులే నిలిచిపోయి ఉండవచ్చు.

ఇక ఆ కనబడని సన్నివేశం. మీ ఉత్తరంలో నన్ను కూర్చోబెట్టి రాయించింది ఇదే.

35 ఎం.ఎం. ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, నాలుగు కిలోమీటర్లకు పైమాటే. అంత ఫిల్మ్‌ను వెయ్యి అడుగుల రీళ్ళుగా డబ్బాల్లో పెట్టి పంపేవారు. ఒక్కో రీలు పదకొండు నిమిషాలు. మేము రెండేసి కలిపి ఒక స్పూలుకు చుట్టుకునేవాళ్ళం. సినిమా వ్యాపారంలో నెల్లూరు ఒక ప్రత్యేక ఏరియా అని మీరు వినే ఉంటారు. ఏరియాకు వచ్చిన ప్రింట్లు కొద్దే గనుక, అవి ముందు నెల్లూరులో ఆడి, తర్వాత కావలి, గూడూరు లాంటి ఊళ్ళకు, ఆపైన చిన్న ఊళ్ళకు, ఆఖరున డేరా కట్టిన టూరింగ్ టాకీసులకు పోయేవి. ప్రతి మజిలీలోనూ కాస్త అరిగేవి. తెగిన చోట పైపూత గీకి, ఫిల్మ్ సిమెంటు అనే జిగురు రాసి అతికించేవాళ్ళం, అతికిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు పోయేవి. ఫిల్మ్ మీద మాట తాలూకు గీత బొమ్మకన్నా 20 ఫ్రేములు ముందు ఉంటుంది కాబట్టి, అతుకు దగ్గర ముందు బొమ్మ ఎగిరేది, ముప్పాతిక సెకను దాటాక మాట తెగేది. ఆ తెగిన మాటతో సహా డైలాగు నేర్చుకున్న పిల్లలు మా ఊళ్ళో ఉన్నారు.

అది ఫిల్మ్ చేసిన నష్టం. మనుషులు చేసింది వేరే. ఫస్ట్ షో వదిలేసరికి పల్లెలకు పోయే ఆఖరి బస్సు వెళ్ళిపోకూడదు. ఆట ఆలస్యంగా మొదలైన రోజున మా యజమాని మెషీను గది తలుపు దగ్గరికి వచ్చి, “ఒక పాట ఎగరగొట్టు” అనేవారు. ఎగరగొట్టేవాణ్ణి. కత్తిరించిన ముక్కను చుట్టి మేకుకు తగిలించి, మరుసటి రోజు మళ్ళీ అతికించాలి. అన్ని ముక్కలూ మేకు మీంచి మళ్ళీ ప్రింటులోకి వెళ్ళాయని ప్రమాణం చేయలేను. ఒకే ప్రింటును ఊళ్ళో రెండు హాళ్ళు పంచుకున్న రోజులు కూడా ఉన్నాయి. అక్కడ ఆడిన రీలు సైకిలు మీద ఇక్కడికి రావాలి. ఒకసారి ఆ హడావుడిలో ఏడో రీలుకు ముందు ఎనిమిదో రీలు ఎక్కించాను. చనిపోయిన మనిషి పది నిమిషాల తర్వాత విస్తరి ముందు కూర్చుని భోజనం చేశాడు. హాల్లో ఒక్కరూ అడగలేదు. ఆట వదిలాక గేటు దగ్గర సోడా కొట్టు మనిషి మాత్రం, “అన్నా, ఆయన ఎట్టా బతికాడు?” అన్నాడు.

అందుచేత మీ చిన్నప్పటి సినిమాలో ఉన్నది ఇప్పుడు లేకపోవడం, అప్పుడు లేనిది ఇప్పుడు ఉండటం, రెండూ జరగవచ్చు. విడుదలైన వారానికి నిర్మాతే నిడివి తగ్గించిన సినిమాలు ఉన్నాయి. మొదటి రోజుల్లో చూసినవారికి ఒక సినిమా, తర్వాత చూసినవారికి ఇంకొకటి. ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రతుల్లో పాటలు ఎగిరిపోయినవీ, అంచులు కోసినవీ కూడా ఎన్నో కనిపిస్తాయి. మీరు చూస్తున్నది పూర్తిదో కాదో తెలుసుకోవడానికి ఒక లెక్క చెబుతాను. సినిమా మొదట్లో చూపించే సెన్సారు సర్టిఫికెట్ దగ్గర ఆపి, అందులో ఉన్న పొడవు మీటర్లలో చూడండి. ఆ అంకెను 27.4తో భాగించండి. వచ్చినవి నిమిషాలు. 4,115 మీటర్లు అని ఉంటే 150 నిమిషాలు ఉండాలి. మీ టీవీలో 128 నిమిషాలకే శుభం పడుతుంటే, మీ సన్నివేశం ఆ తప్పిపోయిన ఇరవై రెండింటిలో ఎక్కడో ఉండవచ్చు. ఆ సినిమాకే మరో ప్రతి వెతకండి.

లెక్క సరిగ్గా సరిపోయినా సన్నివేశం కనబడకపోతే, మీ జ్ఞాపకాన్నే ఒక ప్రశ్న అడగండి: అందులో మాటలు గుర్తున్నాయా, బొమ్మ గుర్తుందా? మాటలు బాగా గుర్తుండి మనుషులు మసకగా ఉంటే, అది మీరు ఆకాశవాణిలో సంక్షిప్త శబ్ద చిత్రంగా విని, బొమ్మ సొంతంగా వేసుకున్నది అయి ఉండవచ్చు. బొమ్మ స్పష్టంగా ఉండి మాట ఒక్కటీ లేకపోతే, హాలు ముందు అద్దాల బోర్డులో తగిలించే ఫోటోలను అనుమానిస్తాను. షూటింగులో స్టిల్ ఫోటోగ్రాఫరు తీసిన ఆ ఫోటోల్లో తర్వాత సినిమాలోంచి తీసేసిన సన్నివేశాలు కూడా ఉండేవి. టికెట్టుకు డబ్బుల్లేని పిల్లలు ఆ బోర్డు ముందు నిలబడి మొత్తం కథ అల్లుకునేవారు. పాటల పుస్తకం ఇంకొకటి. అందులో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమని ముగించేవారు. వెండితెరపై చూడలేకపోయిన ఇంట్లో ఆ మిగతా సగం అమ్మో అక్కో పూర్తిచేసి చెప్పేది. మా ఇంట్లో మా అమ్మ చెప్పిన ముగింపులు అసలు సినిమావాటికన్నా బాగుండేవి.

అరిగిన ప్రింటు మీద పడే గీతల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. అదే రోజు పెద్ద తుఫాను కోస్తా తీరం దాటింది. మా వయసు వారెవరిని కదిలించినా ఆ సినిమా పేరుతో పాటు వాన మాట వస్తుంది. ఎన్నో చేతులు మారిన ప్రింటులో నిలువు గీతలు పడి తెర మీద కూడా వాన కురుస్తున్నట్లే ఉండేది. సరిగ్గా ముప్పై ఐదేళ్ళకు, 2025 మే 9న, శుభ్రం చేసిన ప్రతితో అది మళ్ళీ విడుదలైంది. ఇలా శుభ్రం చేసిన ప్రతుల్లో బొమ్మ కడిగిన పళ్ళెంలా ఉంటుంది. విగ్గు అంచు, పౌడరు, సెట్టు గోడ మీది రంగు, అప్పట్లో మా గీతలు దాచిపెట్టినవన్నీ బయటపడతాయి. కొందరికి అది నచ్చదు. నేనైతే ఉన్నంతలో శుభ్రమైన ప్రతినే చూడమంటాను. ఛాయాగ్రాహకుడు పడిన కష్టం అరిగిన ప్రింటులో మాకే కనిపించేది కాదు.

అరగంటకే ఫోను మీదికి చెయ్యి పోవడం గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాశారు. పాత సినిమా మొదటి రెండు రీళ్ళు తీరికగా నడవడానికి కారణం ఉంది. ఆట మొదలయ్యాక కూడా జనం వస్తూనే ఉండేవారు. దగదర్తి నుంచి, జలదంకి నుంచి బస్సు దిగి పరుగెత్తుకు వచ్చి, చీకట్లో తడుముకుంటూ బెంచీ వెతుక్కుని, చంటిబిడ్డను ఒళ్ళో సర్దుకునేసరికి ఇరవై నిమిషాలు. అంతవరకూ ముఖ్యమైన కథ చెబితే ఎవరికీ అందదని సినిమా తీసేవారికి తెలుసు. అందుకే అక్కడ హాస్యం, ఒక ఊరి పరిచయం, ఒక తేలికపాటి పాట ఉంటాయి. మీరు సోఫాలో ముందే స్థిరంగా కూర్చుని ఉన్నారు. సినిమా ఇంకా మీ వెనక వచ్చేవాళ్ళ కోసం ఆగి ఉంది. ఆ ఇరవై రెండు నిమిషాలు, అంటే మా లెక్కలో ఒక స్పూలు, శెనక్కాయలు ఒలుచుకుంటూనో, మిరపకాయలకు తొడిమలు తీస్తూనో చూడండి. తీర్పు రెండో స్పూలులో చెప్పవచ్చు. ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి రండి.

హాస్య సన్నివేశాలు చప్పగా ఉన్నాయని కూడా అన్నారు. ఆ మాటల తర్వాత ఒక చిన్న ఖాళీ వదిలిపెట్టేవారు. ఆ ఖాళీ హాల్లో జనం నవ్వుతో నిండేది. ఖాళీ వదలని సినిమాల్లో నవ్వులో తర్వాతి మాట కొట్టుకుపోయి, మళ్ళీ ఆటకు వచ్చిన వాళ్ళు అది విని వెళ్ళేవారు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఖాళీ ఖాళీగానే వినిపిస్తుంది. దీనికి నా దగ్గర మందు లేదు. ఏడుపు సన్నివేశాలకు మాత్రం ఒంటరితనమే మేలు. పక్కన ఎవరూ లేరు గనుక ముక్కు చీదుకోవడానికి చీకటి కోసం చూడనక్కరలేదు.

ఇంటర్వెల్ తప్పకుండా ఇవ్వండి. మన కథలు దాని చుట్టూనే రాసినవి. తెర మీద ‘విశ్రాంతి’ పడగానే ఆపి, లేచి, వాకిట్లోకి వెళ్ళి పది నిమిషాలు నిలబడి, గోలీసోడా దొరికితే అదీ, దొరకకపోతే మజ్జిగ, తాగి రండి. ఇంటి పని మొత్తం ఆ పది నిమిషాల్లో చేసేద్దామని గిన్నెల దగ్గరికి మాత్రం వెళ్ళవద్దు. గిన్నెల దగ్గరికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను మా ఇంట్లో చూడలేదు.

రెండు వందల సార్లు చూసినవాడికి ఏం మిగులుతుందని మీకు సందేహం రావచ్చు. పదోసారికి కథ అయిపోతుంది. ఇరవయ్యోసారికి హీరో కూడా అయిపోతాడు. అప్పటి నుంచి కన్ను అంచులకు పోతుంది. పాటలో మూడో వరుసలో ఎడమ చివర ఒక అమ్మాయి అడుగు తప్పి, నాలుక కరుచుకుని, మళ్ళీ కలుస్తుంది. ఆ అమ్మాయి కోసం నేను యాభై రోజులు ఆ పాట చూశాను. పేదింటి గోడ మీద వేలాడే క్యాలెండరు రెండు సినిమాల్లో ఒకటే. హీరో బస్సు దిగే వీధి అసలు మద్రాసు వీధి. వెనక నడిచిపోయే మనిషి ఒక్కసారి కెమెరా వంక చూసి తల తిప్పుకుంటాడు. చిన్నప్పుడు మీరు కథ వెంట పరుగెత్తారు గనుక ఇవేవీ చూసి ఉండరు. రేపు చూసేటప్పుడు, తెలిసిన మాటలు చెవిలో పడనిచ్చి, కన్ను మాట్లాడని మనుషుల మీద పెట్టండి. అందరితో కూర్చుని చూసేటప్పుడు ఇది కుదరదు. ఎవరో ఒకరు ‘అసలు సంగతి అటు ఉంటే నువ్వెటు చూస్తున్నావు’ అంటారు.

పగలంతా టీవీ ముందు కూర్చుంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని కూడా రాశారు. నాలుగు రోజుల తర్వాత వాళ్ళకు గుర్తుండదు.

పోయిన నెలలో మా ఇంటామె నెల్లూరులో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళే ముందు మామిడికాయ వేసి చేపల పులుసు చేసిపెట్టింది; చేపల పులుసు మరునాటికే కదా రుచి. మధ్యాహ్నం తిని, పడమటి కిటికీకి దుప్పటి కట్టి, సరిగ్గా రెండున్నరకు మ్యాట్నీ వేశాను. నేనే మూడు వారాలు ఆడించిన సినిమా. పాత ప్రింటు నుంచి ఎక్కించిన ప్రతి అనుకుంటాను, ఎందుకంటే మొదటి స్పూలు అయ్యే చోట తెర కుడివైపు పై మూలన చుక్క పడింది. అది మాకోసం వేసిన చుక్క. స్పూలు మార్చి స్పూలు ఆడించడానికి మాకు మెషీన్లు రెండు; మొదటి చుక్క కనిపించగానే రెండో మెషీను మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్లకు ఇంకొకటి పడుతుంది, అప్పుడు బొమ్మను ఇటునుంచి అటు మార్చాలి. చుక్క పడటం, నా కుడిచెయ్యి లేవడం ఒకేసారి జరిగాయి. రెండో చుక్క దాకా ఆ చెయ్యి గాలిలో అలాగే ఉంది. దానంతట అదే తర్వాతి రీలు వచ్చేసింది. గడపలో కూర్చున్న పిల్లి నా చెయ్యి వంక చూసింది.

మీకు ఇంకా మూడు రోజులు ఉన్నాయి. సెట్టింగులు మార్చి, మొదట చూసిన సినిమాకే ఇంకొక మధ్యాహ్నం ఇవ్వండి. మిగిలినవి దాని తర్వాత. మీది కూడా పాత ప్రింటు నుంచి ఎక్కించిన ప్రతే అయితే, మీ చుక్క కూడా కుడివైపు పై మూలనే పడుతుంది, చూడండి. ఆ సన్నివేశం దొరకకపోతే సర్టిఫికెట్ మీది మీటర్ల అంకె, మీ టీవీలో ఆడిన నిమిషాలు రాసి పంపండి, లెక్క నేను చూస్తాను.